రమ్మీ బల్ల మీది కట్ట పిల్లలకీ ఇద్దాం

మొన్న మన తెలుగు సంఘం సంక్రాంతి సంబరాల్లో పిల్లల లెక్కల పోటీ చూసినవారికి గుర్తుండే ఉంటుంది. "మూడువందల ఐదు" రాయమంటే రెండో తరగతి పాప బోర్డు మీద 3005 అని రాసింది. హాలంతా గొల్లుమంది. పాపం, ఆ పిల్ల విన్నది విన్నట్టే రాసింది: మూడువందలకు 300, దాని పక్కన 5. చోటును బట్టి అంకె విలువ మారుతుందన్న సంగతి ఇంకా పట్టుబడలేదు. బజర్ నొక్కే పోటీల్లో అది పట్టుబడదు కూడా.

అది పట్టుబడాలంటే ఒక పేక కట్ట చాలు. మనవాళ్లు నలుగురు కలిస్తే రమ్మీ బల్ల ఎటూ పడుతుంది; పిల్లలు ముక్క ముట్టుకుంటే మాత్రం "పేకాటేంట్రా" అని కసురుతాం!

కట్టలోంచి పదులు, జాకీలు, రాజులు, జోకర్లు తీసేయండి. ఆసు ఒకటి. రాణి సున్నా, ముఖం మీద స్కెచ్ పెన్నుతో 0 రాసేయండి. సున్నా నుంచి తొమ్మిది దాకా నాలుగేసి, మొత్తం 40 ముక్కలు. ఒక్కొక్కరి ముందూ కాగితం మీద మూడు గడులు: వందలు, పదులు, ఒకట్లు. వంతులవారీగా ఒక్కో ముక్క తీసి వెంటనే ఏదో ఒక గడిలో పెట్టాలి. పెట్టాక కదపకూడదు. పెద్ద సంఖ్య వచ్చినవారికి ఒక పాయింటు. నలుగురు ఆడితే కట్టకు మూడు ఆటలు, చివర నాలుగు ముక్కలు మిగులుతాయి.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. మూడు ముక్కలూ ఒకేసారి పంచేస్తారు. అప్పుడు పెద్దది ముందు పెట్టేయడమే, ఆలోచించే పని ఉండదు. ఒక్కొక్కటే తీస్తే తొమ్మిదైతే వందల్లోకి, సున్నా అయితే ఒకట్లలోకి చకచకా పోతాయి గానీ ఐదు వచ్చినప్పుడు చేయి ఆగుతుంది. సరిగ్గా అప్పుడే "పదుల్లో పెట్టమ్మా" అని మనం అందుకుంటే ఇక ఆడేది మనమే.

వచ్చిన సంఖ్యను తెలుగులో పైకి చదివించండి. థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా పడతాయి. పదమూడు, ముప్పై పడవు. ఫోర్టీన్‌లో నాలుగు ముందు వినిపిస్తే పద్నాలుగులో పదే ముందు. ఇంత సదుపాయం చేతిలో ఉంచుకుని తెలుగు బడిలో అంకెల్ని పద్యంలా అప్పజెప్పించి వదిలేస్తున్నాం.

చేయి తిరిగాక చిన్న సంఖ్యదే గెలుపనండి. సున్నా వందల గడిలోకి వెళ్తుంది; 047 అంటే నలభై ఏడేనా అని వాళ్లే కొట్లాడుకుంటారు.

అప్పటికీ 3005 రాస్తుంటే ముక్కలు పక్కన పెట్టి స్ట్రాలు తీయండి. పదేసి రబ్బరు బ్యాండుతో కట్టి, అలాంటి పదింటిని కలిపి పెద్ద కట్ట చేయండి. 305కు మూడు పెద్ద కట్టలు, ఐదు విడి స్ట్రాలు. పదుల గడి ఖాళీ. ఆ ఖాళీలో రాణిని పెట్టించండి.

సంఘం కార్యవర్గానికి ఒక విన్నపం. ఈ ఉగాదికి బజర్లు మానేసి నాలుగు బల్లలు వేయండి, బల్లకో కట్ట, నలుగురేసి పిల్లలు. పాయింట్లు రాయడానికి పెద్ద తరగతి పిల్లల్ని కూర్చోబెట్టండి. అమ్మానాన్నల కుర్చీలు మాత్రం కాస్త దూరంగా వేయించండి.