షర్లీ జాక్సన్: దయ్యాల కథల్లో ఇల్లాలి భయం

1948లో మూడో కాన్పుకి ఆస్పత్రిలో చేరుతుంటే, వివరాలు రాసుకుంటున్నామె షర్లీ జాక్సన్‌ని ఏం చేస్తుంటారని అడిగింది. రచయిత్రినని చెప్పింది జాక్సన్. సరే, గృహిణి అని రాసేస్తాలెండి అందట ఆమె. పిల్లల పెంపకం మీద రాసిన 'లైఫ్ అమాంగ్ ద సావేజెస్' పుస్తకంలో జాక్సన్ ఈ సంగతి నవ్వొచ్చేలా చెబుతుంది. కానీ ఆ కాన్పుకి కొన్ని నెలల ముందే ఆమె రాసిన ఒక కథ అమెరికాలో పెద్ద దుమారం లేపింది.

విమర్శకులు కూడా చాలాకాలం ఆమెని ఇలాగే చూశారు. ఆడవాళ్ల పత్రికలకి పిల్లల అల్లరి గురించి సరదా వ్యాసాలు రాసే తల్లి ఒకరు, ఒళ్లు జలదరించే కథలు రాసే మనిషి వేరొకరు అన్నట్టు ఆమెని రెండు ముక్కలు చేశారు. మొదటామెని తేలిగ్గా తీసుకున్నారు, రెండో ఆమెని దయ్యాల రచయిత్రి అని పక్కన కూర్చోబెట్టారు. ఈ విడగొట్టడమే తప్పని నా నమ్మకం. జాక్సన్ రాసిన భయమంతా ఆ ఇంట్లోంచే వచ్చింది.

ఆమె 1916లో శాన్‌ఫ్రాన్సిస్కోలో, కలిగిన కుటుంబంలో పుట్టింది. నాజూగ్గా, నలుగురూ మెచ్చేలా ఉండే కూతురు కావాలనుకున్న తల్లికి ఈ పిల్ల ఎన్నడూ నచ్చలేదు. పెద్దయ్యాక కూడా ఒంటి గురించీ, ఫొటోల గురించీ ఉత్తరాల్లో దెప్పుతూనే ఉండేది. సిరక్యూస్ యూనివర్సిటీలో ఉండగా కాలేజీ పత్రికలో వచ్చిన ఆమె కథ చదివి, ఇది రాసినమ్మాయినే పెళ్లి చేసుకుంటానన్నాడు స్టాన్లీ ఎడ్గర్ హైమన్ అనే తోటి విద్యార్థి. 1940లో అన్నంత పనీ చేశాడు. అతను యూదుడు కావడంతో రెండు ఇళ్లలోనూ ఈ పెళ్లి ఇష్టం లేదు. 1945లో వెర్మాంట్ రాష్ట్రంలోని నార్త్ బెన్నింగ్టన్ అనే చిన్న ఊళ్లో కాపురం పెట్టారు. హైమన్ అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. నలుగురు పిల్లలు, ఇంటినిండా పుస్తకాలు, పిల్లులు, వచ్చేపోయే అతిథులు. చాకిరీ అంతా ఆమెదే. పక్కలు సర్దుతున్నంతసేపూ, గిన్నెలు కడుగుతున్నంతసేపూ తనకి తాను కథలు చెప్పుకుంటూనే ఉంటానని ఒక ఉపన్యాసంలో చెప్పింది.

'ది లాటరీ' పుట్టిందీ అలాగే. ఎండ కాస్తున్న ఒక పొద్దున చంటిపాపనీ సరుకులనీ తోపుడు బండిలో పెట్టుకుని ఎత్తు రోడ్డు ఎక్కుతుంటే ఆలోచన తట్టిందనీ, ఇంటికొచ్చి పాపని ఆటల్లో కూర్చోబెట్టి, కూరగాయలు ఫ్రిజ్‌లో పెట్టి, ఇంచుమించు మార్పులేమీ లేకుండా రాసేశాననీ ఆమె చెప్పుకుంది. 1948 జూన్ 26 సంచికలో న్యూయార్కర్ అనే వారపత్రిక దాన్ని అచ్చేసింది. కథలో 300 మంది దాకా ఉండే ఒక ఊరు. ఏటా జూన్ 27న జనం ఒకచోట చేరతారు. వానలు, ట్రాక్టర్లు, పన్నుల గురించి కబుర్లు చెప్పుకుంటారు. పాత నల్ల పెట్టెలోంచి చీటీలు తీస్తారు. నల్ల చుక్క చీటీ ఎవరికొస్తే వాళ్లని ఊరంతా కలిసి రాళ్లతో కొట్టి చంపుతుంది. టెస్సీ హచిన్సన్ అనే ఇల్లాలు ఆలస్యంగా వచ్చి, గిన్నెలు సింకులో వదిలేసి రమ్మంటారా ఏంటని హాస్యమాడుతుంది. చీటీ ఆమెకే వస్తుంది. చివర్లో ఎవరో ఆమె చిన్న కొడుకు చేతిలో నాలుగు గులకరాళ్లు పెడతారు.

కథ మొత్తంలో నన్ను వదలనిది ఆ గులకరాళ్లే. వాటిని ఇచ్చిందెవరో జాక్సన్ చెప్పదు. అక్కడ ఎవరికీ కోపం లేదు, పగ లేదు. పసివాడు కూడా ఊరితో పాటు ఉండాలని, ఆనవాయితీ ప్రకారం అన్నీ జరగాలని ఎవరో శ్రద్ధగా చేసిన పని అది.

ఆ వేసవిలో ఆమెకి 300కి పైగా ఉత్తరాలొచ్చాయి. మంచిగా రాసినవి 13 మాత్రమే, అందులోనూ ఎక్కువ స్నేహితులవే. నాకూ మీ నాన్నకీ కథ బొత్తిగా నచ్చలేదని తల్లి రాసింది. ఆ రోజుల్లో న్యూయార్కర్ కథకీ నిజమైన కథనానికీ తేడా తెలిసేలా అచ్చేసేది కాదు కాబట్టి, చాలామంది ఇది నిజంగా జరిగిందనుకున్నారు. తిట్టినవాళ్లని అర్థం చేసుకోవచ్చు. ఈ లాటరీలు ఎక్కడ జరుగుతాయి, వెళ్లి చూడొచ్చా అని అడిగినవాళ్లున్నారు చూడండి, కథకంటే వాళ్లే నన్ను ఎక్కువ భయపెడతారు.

వారపత్రికల్లో చేతబడి, క్షుద్రపూజల సీరియల్స్ చదివి పెరిగిన మనకి భయమంటే బయటి నుంచి వచ్చి ఇంటిమీద పడేది. ఊరవతల శ్మశానంలో మంత్రగాడు ఉంటాడు, ఇంట్లోవాళ్లు అమాయకులు. జాక్సన్ కథలకి మంత్రగాడు అక్కర్లేదు. నలుగురూ ఏమనుకుంటారోనన్న టెన్షన్ చాలు.

1959లో వచ్చిన 'ది హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్'లో ఇది ఇంకా లోతుకి దిగింది. ఎలనార్‌కి 32 ఏళ్లు. మంచాన పడ్డ తల్లికి 11 ఏళ్లు సేవ చేసింది. తల్లి పోయాక అక్క ఇంట్లో తలదాచుకుంటోంది. కారు కొనడానికి సగం డబ్బు తనే పెట్టినా, తీసుకెళ్లడానికి అక్క ఒప్పుకోదు. చెప్పకుండా తీసుకుని, దయ్యాలున్నాయంటున్న ఒక బంగళాలో పరిశోధన జరుగుతోందంటే అక్కడికి వెళ్తుంది. ఒక రాత్రి పక్క గదిలోంచి గొణుగుడు, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తాయి. చీకట్లో స్నేహితురాలు థియోడోరా చేయి గట్టిగా పట్టుకుని భరిస్తుంది. ఇక తట్టుకోలేక అరిచేసరికి లైటు వెలుగుతుంది. థియోడోరా అవతల తన మంచం మీద నిద్ర కళ్లతో లేచి కూర్చుంటుంది. మరి ఇంతసేపూ నేను పట్టుకున్నది ఎవరి చేయి?

నవలంతా వెతికినా ఇదే దయ్యమని ఖాయంగా చెప్పలేం. అసలు భయం వేరే ఉంది. ప్రాణం మీదికొచ్చినా ఎలనార్ ఆ బంగళా వదలనంటుంది. పుట్టి బుద్ధెరిగాక ఒక ఇల్లు తనని కావాలనుకోవడం ఆమెకి అదే మొదటిసారి.

ఆ ఒంటరితనం జాక్సన్‌కి బాగా తెలుసు. ఇంటికి ఆమె సంపాదనే పెద్ద ఆధారం, పెత్తనం మాత్రం హైమన్‌ది. అతనికి వేరే ఆడవాళ్లతో సంబంధాలుండేవి, ఆ విషయం ఆమెకి తెలుసు. ఇక నువ్వెప్పుడూ ఒంటరివి కావని ఒకప్పుడు నాకు రాశావు, నువ్వు చెప్పిన మొదటి అబద్ధం, అన్నిటికంటే ఘోరమైన అబద్ధం అదేనని భర్తకి ఒక ఉత్తరంలో రాసుకుంది. ఈ మాట చదివాక ఆ చీకటి గదిలోని చేయి నాకు మామూలు దయ్యం చేయిలా అనిపించడం మానేసింది.

1962లో 'వియ్ హావ్ ఆల్వేస్ లివ్డ్ ఇన్ ద కాజిల్' వచ్చింది. పంచదారలో కలిసిన ఆర్సెనిక్ అనే విషంతో ఇంట్లో నలుగురు పోగా మిగిలిన అక్కాచెల్లెళ్ల కథ. అక్క తోట దాటి బయటికి రాదు. పుస్తకం వచ్చాక జాక్సన్ కూడా గడప దాటలేని స్థితికి చేరింది, వైద్యం చేయించుకోవాల్సి వచ్చింది. అప్పటికే బరువు తగ్గడానికీ, మనసు నెమ్మదించడానికీ ఏళ్ల తరబడి డాక్టర్లు ఇచ్చిన మాత్రలు మింగుతోంది. 1965 ఆగస్టు 8న మధ్యాహ్నం నిద్రలోనే పోయింది. వయసు 48.

అప్పటికి రెండేళ్ల ముందు, గృహిణుల 'పేరు లేని సమస్య' (ఇల్లే లోకమైన ఆడవాళ్లలోని పేరు పెట్టలేని అసంతృప్తి) గురించి రాసిన స్త్రీవాద రచయిత్రి బెట్టీ ఫ్రీడన్, ఆ సమస్యని నవ్వులాటగా మార్చేస్తున్న రచయిత్రుల్లో జాక్సన్‌ని కూడా కలిపేసింది. సరదా వ్యాసాలు మాత్రమే చూస్తే ఆ మాట అనొచ్చు. కానీ ఫ్రీడన్ పుస్తకానికి నాలుగేళ్ల ముందే ఎలనార్ ఉంది. ఆ సమస్య ఒక మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోతుందో ఎలనార్ కథలో పూర్తిగా ఉంది.

జాక్సన్ పోయాక హైమన్ ఆమె రచనల సంపుటానికి ముందుమాట రాశాడు. ఆమెకి తగిన గుర్తింపు రాలేదని బాధపడుతూ, ఆ కథలు కాన్సంట్రేషన్ క్యాంపులూ అణుబాంబూ ఉన్న లోకానికి సరైన ప్రతీకలన్నాడు. గొప్ప మాటే, ప్రేమగా రాసిందే. కానీ 25 ఏళ్లు ఒకే కప్పు కింద ఉన్న మనిషి కూడా ఆ భయం మూలాన్ని అంత దూరంలో వెతికాడు. 2016లో రూత్ ఫ్రాంక్లిన్ రాసిన జాక్సన్ జీవిత చరిత్ర దాన్ని మళ్లీ ఇంటికి తెచ్చింది. ఆ తర్వాతే చాలామంది ఆమె పుస్తకాలన్నిటినీ ఒకే చేతి రాతగా చదవడం మొదలుపెట్టారు.

ఆమె చివరగా రాస్తూ వదిలేసిన నవల 'కమ్ అలాంగ్ విత్ మీ'. 1968లో హైమనే దాన్ని వెలుగులోకి తెచ్చాడు. అందులో నడివయసు ఆవిడ భర్త పోగానే ఇల్లూ సామానూ అమ్మేసి, కొత్త పేరు పెట్టుకుని, తెలియని ఊళ్లో దిగుతుంది. దయ్యాలతో మాట్లాడటమే వృత్తిగా పెట్టుకుంటుంది. జాక్సన్ రాసినంతవరకూ ఆమె ఎవరికీ భయపడదు.