కథకు కోర్సు కావాలి, దిద్దే మనిషి ఇంకా కావాలి

ఆన్‌లైన్‌లో కథ నేర్పే కోర్సు అనగానే మన సాహిత్య సభల్లో చాలామంది మొహం చిట్లిస్తారు. గురజాడ ఏ కోర్సు చేశాడు, కథ పుట్టుకతో రావాలి, జీవితమే నేర్పాలి అంటారు. జీవితం కథకు వస్తువునిస్తుంది, కాదనను. కానీ మొదటి రెండు పేజీలు ఎందుకు కొట్టేయాలో జీవితం చెప్పదు, పక్కనున్న మనిషి చెప్పాలి. విజయనగరంలో కథకుడు చాసో, కవులు శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబుల స్నేహం గురించి తెలిసినవాళ్లెవరూ వాళ్లు ఒంటరిగా రాసుకుని ఎదిగారని అనలేరు.

అందుకే కథలు రాసేవాళ్లకు కోర్సు చేయండనే చెబుతాను. అయితే ఎలాంటి కోర్సు అన్న దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. వీడియోలు చూసి, క్విజ్ పూర్తిచేసి, సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటే కథలో ఒక్క వాక్యం కూడా బాగుపడదు. 1936లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో మొదలైన రైటర్స్ వర్క్‌షాప్‌తో పేరుకెక్కిన పద్ధతి వేరు. ఒకరి కథను మిగతావాళ్లంతా ముందే చదివి వస్తారు. చర్చ జరుగుతున్నంతసేపు రాసినవాళ్లు నోరు విప్పకూడదు. "నా ఉద్దేశం అది కాదండీ" అని అడ్డుపడే వీల్లేదు. కాగితం మీద ఉన్నదే కథ. జూమ్‌లోనైనా సరే, ఈ పని జరిగే కోర్సుకే ఫీజు కట్టాలి.

కొత్తవాళ్ల కథల్లో తరచూ కనిపించే తప్పు ఒకటుంది. పొద్దంతా పత్తి ఏరి ఇంటికొచ్చిన తల్లి కూతురితో "నీ చదువు విషయమై నేను తీవ్ర ఆందోళన చెందుతున్నాను" అంటుంది. ఆ రచయితకు ఆ ఇల్లు తెలుసు, ఆ తల్లి గొంతూ తెలుసు. రాయడానికి కూర్చోగానే పేపరు భాష వచ్చి ఆ గొంతును నొక్కేసింది. నలుగురు పాఠకులు అదే వాక్యం దగ్గర ఆగితే చాలు, మర్నాటికి ఆమె "ఫీజెట్ల కడదాం బిడ్డా" అంటుంది. ఆ ఒక్క మార్పుతో కథ లేచి కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో నడిచే కోర్సు కథనం గురించి, దృష్టికోణం గురించి చాలా నేర్పగలదు కానీ ఈ తప్పు మాత్రం పట్టుకోలేదు. తెలుగు కథకు తెలుగులోనే వర్క్‌షాప్ కావాలి. పాఠ్యపుస్తకం కోసం వెతుక్కోనక్కర్లేదు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య 'కథాశిల్పం' ఉంది, 1999 సంవత్సరానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం కూడా అందుకుంది.

అసలు ఈ కోర్సుల అవసరం ఎందుకొచ్చింది? ఒకప్పుడు ఈ పని పత్రికల్లో సంపాదకులు చేసేవాళ్లు. కథ తిప్పి పంపినా, ఎక్కడ తేడా కొట్టిందో కార్డు ముక్క మీద రాసే సంపాదకులు ఉండేవాళ్లు. కారా మాస్టారు (కథకుడు కాళీపట్నం రామారావు) లాంటి పెద్దలు కొత్తవాళ్ల కథలు ఓపిగ్గా చదివి మాట్లాడేవాళ్లు. సాహిత్య పత్రిక 'భారతి' 1991లో ఆగిపోయింది. చతుర, విపుల మాసపత్రికలు కరోనా కాలంలో మూతపడ్డాయి. ఇప్పుడు రాత్రి రాసిన కథ తెల్లారేసరికి ఫేస్‌బుక్‌లో ఉంటుంది. కింద "అద్భుతం సర్" అని వరసగా కామెంట్లు. ఆ పొగడ్తలు రచయితకు చేస్తున్న నష్టం ఇంతా అంతా కాదు.

మనకు కథల పోటీలకు కొదవలేదు. ఉగాదికి, దీపావళికి బహుమతులు ప్రకటిస్తారు, అమెరికాలోని తెలుగు సంఘాలు కూడా పోటీలు పెడతాయి. బహుమతి అనేది కథ పూర్తయ్యాక ఇచ్చేది. కథ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు చదివేవాళ్లకు మాత్రం ఒక్క రూపాయి ఇచ్చే ఆనవాయితీ మనకు లేదు. ఈ సంఘాలు బహుమతి సొమ్ములో సగం తీసి, అనుభవమున్న కథకులకు గౌరవప్రదమైన పారితోషికమిచ్చి, ఏడాది పొడవునా పదేసి మంది కొత్తవాళ్లతో ఆన్‌లైన్ వర్క్‌షాపులు నడిపించాలి. శ్రీకాకుళంలో 1997లో మొదలైన కథానిలయం పాత కథలను భద్రపరిచే బాధ్యత తీసుకుంది. రాయబోయే కథల బాధ్యత ఇంకా ఎవరూ తీసుకోలేదు.