పైత్యం ఊరికే రాదు

ఎవడైనా తిక్కగా మాట్లాడితే చాలు, "వీడికి పైత్యం ముదిరింది" అనేస్తాం. ఒక్క చుక్క పైత్యరసం బయటికి రావడానికి కాలేయంలో ఎంత ఆఫీసు పని నడుస్తుందో తెలిస్తే ఆ మాట అనడానికి నోరు రాదు. పైత్యం తరఫున ఇందుమూలంగా నా తీవ్ర నిరసన తెలియజేస్తున్నాను.

కాలేయ కణానికి రెండు గుమ్మాలు. రక్తం వైపు గుమ్మంలో ఓఏటీపీ1బీ1, ఓఏటీపీ1బీ3 అనే రెండు ప్రొటీన్లు, అంటే ఇద్దరు కాపలాదార్లు. మహా జాలిగుండెవాళ్లు. ఋణావేశమున్న సేంద్రియ అణువుల్లో ఎన్ని రకాలకు తలుపు తీస్తారో లెక్కలేదు. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్లు ఇటే వస్తాయి. విషపు పుట్టగొడుగులోని అమానిటిన్ కూడా 1బీ3 గారి చలవతో లోపలికొచ్చి, ఆశ్రయమిచ్చిన కణాన్నే చంపేస్తుంది. దీనిపై ఇంతవరకు విచారణ కమిటీ వేసినట్టు లేదు.

లోపలికి రావడం సులువే, పోవడమే కష్టం. పాత ఎర్రకణాలు చితికితే రోజుకు సుమారు 250-300 మిల్లీగ్రాముల బిలిరుబిన్ అనే పచ్చటి వ్యర్థం పుడుతుంది. నీళ్లలో కరగదు, రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ వీపెక్కి వస్తుంది. అది నీళ్లలో కరిగేలా యూజీటీ1ఏ1 అనే ఎంజైము గుమస్తా గ్లూకురోనిక్ ఆమ్లంతో ముద్ర కొడతాడు. చాలామటుకు రెండు ముద్రలు. ఒకటి చాలదా అని అడక్కండి, ఆఫీసన్నాక అంతే.

ఆ తర్వాత వెనక గుమ్మం. అవతల ఉన్నది పైత్యరసం పారే సందు, వెడల్పు మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అక్కడ ఎంఆర్‌పీ2 అనే ప్రొటీన్ పంపు కణం ఇంధనమైన ఏటీపీ ఖర్చుపెట్టి సరుకును ఆ ఇరుకులోకి తోస్తుంది. చేయి తడపందే ఫైలు కదలదన్నమాట.

అసలు తమాషా ఇక్కడుంది. ముద్ర పడ్డ సరుకులో కొంత రక్తం వైపున్న ఎంఆర్‌పీ3 అనే మరో పంపు ద్వారా మళ్లీ రక్తంలోకే పోతుంది. పక్క కణాల్లోని జాలిగుండె కాపలాదార్లు దాన్ని మళ్లీ లోపలికి లాక్కుంటారు. పని ఎక్కువైతే ఫైలు పక్క టేబుల్ మీదికి నెట్టడం మనం కనిపెట్టిన విద్య కాదు. ఆ కాపలాదార్లిద్దరూ పుట్టుకతోనే లేకపోతే వచ్చే జబ్బు రోటర్ సిండ్రోమ్, కళ్లు పచ్చబడతాయి.

ఎంఆర్‌పీ2 లేనివాళ్లూ ఉన్నారు. ఆ జబ్బు గురించి డూబిన్, జాన్సన్ అనే వైద్యులు 1954లో రాశారు: కామెర్లు కనిపిస్తాయి, కాలేయం నల్లగా ఉంటుంది. మనిషి మాత్రం దాదాపు మామూలుగానే బతికేస్తాడు. అంత ముఖ్యమైన ఉద్యోగి లేకున్నా ఆఫీసు నడుస్తుంటే ఆ పోస్టు ఎందుకని ఎవరైనా ఆడిటర్ అడగొచ్చు.

అడిగితే మాత్రం, ఆయనకి పైత్యం ముదిరిందనే అంటాను.