తల్లిదండ్రులకు మరణాన్ని నిషేధించాలి

పిల్లవాడికి మేధోవైకల్యం ఉంటే వాడి భవిష్యత్తు కోసం మా నల్లగొండ జిల్లాలో తరతరాలుగా నడుస్తున్న ప్రణాళిక ఒకటే: తల్లిదండ్రులు చావకుండా ఉండటం. పైసా ఖర్చు లేదు, ఏ ఆఫీసుకూ తిరగక్కర్లేదు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో నీడ పొద్దంతా కదలదు కదా, అమ్మానాన్నా అట్లా నిలబడితే చాలు. ఇప్పటిదాకా ఎవరూ దీన్ని విజయవంతంగా అమలు చేయలేదన్నది ఒక్కటే లోపం.

అందుకే పెద్దలు రెండో ప్లాన్ కూడా ఇస్తారు. "ఇంకొకన్ని గనుండ్రి, పెద్దోన్ని సూస్కుంటడు." కడుపులో పడకముందే ఉద్యోగం ఖాయమైన అదృష్టవంతుడు ఈ తమ్ముడు. జీతం లేదు, సెలవు లేదు, రాజీనామా చేస్తే ఊరంతా తిడుతుంది. అదీ కుదరకపోతే, "పెండ్లి జేయుండ్రి, అన్నీ సక్కగైతయ్" అంటారు. అంటే ఆయాకు జీతం ఇవ్వాల్సిన చోట మనమే ఆమె దగ్గర కట్నం తీసుకునే ఏర్పాటన్నమాట. దీన్ని మించిన ఆర్థిక ప్రణాళిక ఏ బ్యాంకు మేనేజరూ చెప్పలేడు.

ఇక అన్నిటికన్నా గట్టిది మేనమామ ప్లాన్. పిల్లవాడి పేరు మీద పెడితే ఎవడైనా మోసం చేస్తాడని, రెండెకరాలూ మేనమామ పేరు మీద పెడతారు. పదేళ్లు గడిచాక చూస్తే పాస్‌బుక్‌లో మేనమామ ఉంటాడు, అరుగు మీద పిల్లవాడు ఉంటాడు.

ఇంత చక్కటి ఏర్పాట్లుండగా మధ్యలో చట్టం ఒకటి. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం తెచ్చారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం (ఇప్పటి మాటలో మేధోవైకల్యం), బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు పద్దెనిమిదేళ్లు నిండితే, అవసరమైనచోట జిల్లా స్థాయి కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. అప్పటిదాకా రోజూ పళ్లు తోమించి అన్నం కలిపి పెట్టిన తల్లి కూడా, పుట్టినరోజు కేకు తిన్న మర్నాటి నుంచి దరఖాస్తుదారే. నియమించిన ఆరు నెలల్లో వాడి ఆస్తుల జాబితా ఇవ్వాలి. ఏటా జమాఖర్చులు చూపాలి. 2023లో తెలంగాణలో దివ్యాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు చేశారు కాబట్టి ఏడాదికి 48,192. ఆ మొత్తం డైపర్లకూ మందులకూ ఎట్లా సరిపోయిందో రాసుకుంటూ కూర్చుంటే ఆ తల్లికి ఆర్థికశాస్త్రంలో డాక్టరేట్ రావాలి.

నవ్వుతున్నాను గానీ, ఆ లెక్క అడగటం నాకు నచ్చింది. తమ్ముణ్ని, కోడల్ని, మేనమామను ఎవరైనా ఎప్పుడైనా లెక్క అడిగారా? చట్టం అడుగుతుంది. మనవాళ్లకు అది నచ్చకపోవడానికి అసలు కారణం కాగితాలు కాదు, ఇదే. వీలునామా రాసి ట్రస్టు పెట్టమని చెప్పి చూడండి, "శుభమా అని కూసుంటె సావు ముచ్చటేంది?" అంటారు. ఉద్యోగం చేసే తండ్రికి, నీ తర్వాత బిడ్డకు ఫ్యామిలీ పెన్షన్ వచ్చేలా ఇప్పుడే పేరు నమోదు చేయించమంటే, "రిటైరైనంక సూద్దాం" అంటాడు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇంకా విచిత్రమైనది. అందులోని పరిమిత సంరక్షకుడు, అంటే ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి మాత్రమే పెట్టేవాడు, ఏ నిర్ణయమైనా ఆ మనిషితో కలిసి తీసుకోవాలట! వాణ్ని అడగటమేమిటి? మొన్న మా వీధిలో ఒక ఇంట్లో ఇదే పంచాయితీ మూడు గంటలు నడిచింది. ఎవరి గురించి మాట్లాడుతున్నారో ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడే చాయ్ తెచ్చాడు. పదకొండు మందికి పదకొండు గ్లాసులు, అందులో షుగర్ ఉన్న పెద్దాయనకు చక్కెర లేనిది వేరుగా. గ్లాసు అందుకుంటూనే మేనమామ మాట పూర్తి చేశాడు: "వానికి లెక్కలు రావు గద బావా, ఆ భూమి నా పేరు మీదనే ఉండనియ్."