తాళం తీసేవాడికి జామీను ఎందుకు?

కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఒక ఆదివారం సాయంత్రం. గ్రీన్ కార్డు చేతికొచ్చిన శీను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి తాళాల పని పెడతానంటున్నాడు. బావ రాఘవ జనానికి ట్యాక్సు లెక్కలు చూసే మనిషి. కాగితం లేనిదే కాలు కదపడు.

శీను: కీ కటింగ్ మెషీన్ కొన్నాను, వ్యాన్ ఉంది. ఇంకేం కావాలి బావా? గుంటూరులో చెట్టు కింద తాళంచెవులు చేసేవాణ్ణి లైసెన్స్ ఎవరడిగారు?

రాఘవ: అడగక్కర్లేదు. ఏళ్ల తరబడి అదే చెట్టు కింద కూర్చున్నాడు. అతని ఇల్లెక్కడో వీధంతా తెలుసు. ఇక్కడ నువ్వెవరికి తెలుసురా? అర్ధరాత్రి ఒక ఆడమనిషి నీతో తలుపు తీయించుకోవాలి.

శీను: లైసెన్స్ ఉంటే పని వచ్చేసినట్టా? తాళాల పనికి లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర సంస్థ బీఎస్‌ఐఎస్ వాళ్లు పరీక్షే పెట్టరు. వేలిముద్రలు, ఫీజు, అంతే!

రాఘవ: నిజమే. వాళ్లు చూసేది పనితనం కాదు, పాత కేసులు. ఆ వేలిముద్రలు రాష్ట్ర న్యాయశాఖకీ ఎఫ్‌బీఐకీ వెళ్తాయి. పనితనం దొంగకీ ఉంటుంది కదా! అందుకే నువ్వు కూడా తలుపు తీసేటప్పుడు ఆ ఇంటివాళ్ల గుర్తింపు కార్డు చూసి, వివరాలు రాసుకుని, సంతకం తీసుకోవాలి.

శీను: సరే, ఇన్సూరెన్స్ తీసుకుంటా. మళ్లీ అందరూ అడిగే ఈ బాండు ఏంటి?

రాఘవ: అవి రెండూ ఒకటి కాదు. డ్రిల్లు జారి తలుపు పాడైతే ఇన్సూరెన్స్ నీ తరఫున కడుతుంది. బాండు అంటే జామీను. నువ్వు కస్టమర్‌ని ముంచితే బాండు కంపెనీ వాళ్లకి కట్టి, ఆ డబ్బు నీ దగ్గరే వసూలు చేస్తుంది. ఊళ్లో మామయ్య పెట్టే హామీ సంతకం లాంటిదే, కాకపోతే కంపెనీ మొహమాటపడదు. తాళాలు బిగించే పెద్ద పనులకి కావాల్సిన సీ-28 కాంట్రాక్టర్ లైసెన్స్‌కి 25,000 డాలర్ల బాండు తప్పదు.

శీను: అంత డబ్బు ఎక్కణ్ణుంచి తేను?

రాఘవ: అంతా కట్టక్కర్లేదు, ఏటా ప్రీమియం కడితే చాలు. అది నీ క్రెడిట్ స్కోరుని బట్టి ఉంటుంది.

శీను: 2025 నుంచి వెయ్యి డాలర్ల లోపు పనులకి సీ-28 అక్కర్లేదట. నేనూ చదివాను!

రాఘవ: పర్మిట్ అక్కర్లేని పని అయితేనే, సాయానికి మనిషిని పెట్టుకోకపోతేనే. తాళాల లైసెన్స్ వేరు. ఇరవై డాలర్లకి తలుపు తీసినా అది ఉండాల్సిందే.

శీను: సీ-28కి నాలుగేళ్ల అనుభవం కావాలంటారు. పని చేయనివ్వకపోతే అనుభవం ఎలా వస్తుంది?

రాఘవ: లైసెన్స్ ఉన్న షాపులో ఉద్యోగిగా రిజిస్టర్ అయి చేరు.

శీను: నలభై దాటాక అప్రెంటిస్‌గానా? నా వల్ల కాదు. సొంతంగానే పెడతా.

రాఘవ: అయితే కార్పొరేషన్ పెట్టు, అంటే నీ ఆస్తికి సంబంధం లేని వేరే కంపెనీ.

శీను: మొదటి ఏడాది దాటితే లాభం వచ్చినా రాకపోయినా ఏటా కనీసం 800 డాలర్ల ట్యాక్సు! నా పేరు మీదే నడుపుతా.

రాఘవ: రేపు ఎవరైనా కేసు వేస్తే నీ ఇంటి మీదకొస్తుంది.

శీను: ఇల్లు మా ఆవిడ పేరు మీద ఉందిగా.

రాఘవ: పెళ్లయ్యాక మీ సంపాదనతో ఇక్కడ కొన్నది ఇద్దరిదీరా. ముందు మా చెల్లెమ్మని అడిగావా?

శీను: అడిగాను. నిన్ను అడగమంది.