టాస్ నాణెం గారికి ఒక అమెరికన్ ఫుట్‌బాల్ అభిమాని విన్నపం

మహారాజశ్రీ టాస్ నాణెం గారి దివ్యసముఖానికి, బఫెలో బిల్స్ జట్టు అభిమాని ఒకడు అనేక నమస్కారాలతో రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, తమరు గాల్లోకి లేచి దిగిన తర్వాత ఉభయులూ కుశలంగా ఉన్న సందర్భం నాకు తెలియదు కనుక, నేరుగా విషయానికే వస్తున్నాను.

నిన్న సెలవు దినం. మధ్యాహ్నమంతా నలుగురం కూర్చుని 2022 జనవరి 23 నాటి బిల్స్, కాన్సాస్ సిటీ చీఫ్స్ ప్లేఆఫ్ (ఓడితే ఇంటికే అనే నాకౌట్) ఆటను మళ్లీ మొదటినుంచి చూశాం. ఫలితం తెలిసిన ఆటను ఎందుకు చూస్తారని తమరు అడగరు, ఓడిన జట్టు అభిమానుల జబ్బు తమరికి కొత్త కాదు. ఆట ముగిశాక మాలో ఒక పెద్దమనిషి, "ఎన్ని చెప్పండి, చివరికి గెలిచేది నైపుణ్యమే. అదృష్టమన్నది ఓడినవాడి సాకు" అని తీర్పు చెప్పేసి, ఎవరి జవాబూ వినకుండా లేచి వెళ్లిపోయారు. ఆయనకు చెప్పవలసిన జవాబు రాత్రంతా నా గొంతులోనే ఉండిపోయింది. దాన్ని తమరి ముందు పెట్టడమే న్యాయమని తోచింది.

ఆ రాత్రి నైపుణ్యానికి ఏమాత్రం కొదవ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) జాష్ అలెన్ నాలుగు టచ్‌డౌన్ (బంతిని అవతలి గీత దాటించి ఆరు పాయింట్లు తెచ్చే) పాస్‌లు వేశాడు, నాలుగింటినీ గేబ్రియల్ డేవిస్ ఒక్కడే అందుకున్నాడు, ఆట మొత్తంలో ఒక్క పాస్ కూడా ప్రత్యర్థి చేతికి పోలేదు. అవతలి పక్క చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ ఇంకా ఎక్కువ గజాలు విసిరాడు. నిర్ణీత సమయంలోని చివరి రెండు నిమిషాల్లోపే రెండు జట్లూ కలిసి 25 పాయింట్లు చేశాయి. 13 సెకన్లు మిగిలి ఉండగా మేము 36-33తో ముందున్నాం. ఆ 13 సెకన్లలో మహోమ్స్ రెండంటే రెండు పాస్‌లతో 44 గజాలు ముందుకు జరగడం, వాళ్ల కిక్కర్ 49 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని స్తంభాల మధ్యగా తన్ని తెచ్చే మూడు పాయింట్లు) కొట్టి లెక్క సమం చేయడం జరిగాయి. ఇందులో తమరి నేరం లేదు. 13 సెకన్లు కాపలా కాయలేకపోవడం అచ్చంగా మా వాళ్ల చేతగానితనం, దాని గురించి రాయాలంటే మా కోచ్‌లకు వేరే ఉత్తరం రాయాలి.

ఆ తర్వాత, అదనపు సమయంలో మొదట బంతి ఎవరికో తేల్చడానికి వచ్చారు తమరు. రెఫరీ గారు తమరిని అరచేతిలో పెట్టుకుని, పెళ్లిచూపుల్లో పిల్లను చూపించినంత శ్రద్ధగా ఇది బొమ్మ, ఇది బొరుసు అని చూపించారు. అలెన్ బొరుసు కోరాడు. తమరు బొమ్మ చూపించారు. చీఫ్స్ బంతి తీసుకుని 75 గజాలు నడిచారు, ట్రావిస్ కెల్సీ టచ్‌డౌన్ చేశాడు, 42-36, ఆట ముగిసింది. మొదట బంతి అందుకున్న జట్టు టచ్‌డౌన్ చేస్తే అవతలివాళ్లకు బంతి ముట్టుకునే అవకాశం కూడా ఇవ్వని రోజులు అవి. ఆ రాత్రి భూమ్మీద ఎవరూ ఆపలేకపోయిన క్వార్టర్‌బ్యాక్ ఒకడు, అదనపు సమయమంతా గీత బయట నిలబడి చూశాడు. అతన్ని ఆపిన రక్షకుడి పేరు ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు, ఎందుకంటే ఆ రక్షకులు తమరే.

దీన్ని నైపుణ్యమంటారు ఆ పెద్దమనిషి. ఎవరి నైపుణ్యమండీ? జట్లు సమఉజ్జీలు కానప్పుడు తమరి అవసరమే రాదు. ముప్ఫై పాయింట్ల తేడాతో ముగిసిన ఆటలో టాస్ ఎవరు గెలిచారో మర్నాటికి ఎవరికీ గుర్తుండదు. నైపుణ్యం రెండు వైపులా ఒకే ఎత్తుకు పెరిగి, ఒకదాన్నొకటి కొట్టివేసుకుని, వెంట్రుకవాసి సందు మాత్రం మిగిలినప్పుడు ఆ సందులో తమరు దూరతారు. రెండు పళ్లాలూ సరిగ్గా తూగుతున్న త్రాసు మీద ఈగ వాలితే ఒక పళ్లెం కిందికి దిగుతుంది. అందులో వింత లేదు. ఈగ ఎగిరిపోయాక ఆ పళ్లెంలోని సరుకు ఎంత మేలైనదో, దాని గుండె ధైర్యం ఎంతటిదో, ఒత్తిడిలో దాని స్థైర్యం ఎలాంటిదో వారం రోజుల పాటు వ్యాఖ్యాతలు ఉపన్యాసాలు ఇస్తారే, నాకు మండేది అక్కడ.

తమరి చరిత్ర కూడా కొంచెం తిరగేశాను. మొదటి టచ్‌డౌన్‌తోనే ఆట ముగించే ఆ పాత నియమాన్ని ప్లేఆఫ్‌ల కోసం 2010లో తెచ్చారు. అప్పటినుంచి 2021 సీజన్ ముగిసేదాకా అదనపు సమయానికి వెళ్లిన ప్లేఆఫ్ ఆటలు 12, వాటిలో టాస్ గెలిచిన జట్టే గెలిచినవి 10, ఆ పదిలోనూ అవతలి జట్టు దాడికి బంతి దక్కకుండా మొదటి వంతులోనే టచ్‌డౌన్‌తో తెల్లారిపోయినవి 7. పన్నెండు ఆటల లెక్క మీద సిద్ధాంతాలు కట్టకూడదని గణితం తెలిసినవాళ్లు అంటారు. కట్టను. కానీ ఆ పన్నెండులో ఒకటి నాది.

ఇక్కడ ఆ పెద్దమనిషి తిరిగి వచ్చి అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. సరిగ్గా వారానికి, 2022 జనవరి 30న, అదే చీఫ్స్ అదే విధంగా టాస్ గెలిచి సిన్సినాటి బెంగాల్స్ చేతిలో 27-24తో ఓడిపోలేదా, టాస్ అంత బలమైనదైతే వాళ్లెలా ఆపారు అని. ఆపారు, నిజమే. మహోమ్స్ దూరంగా విసిరిన బంతి బెంగాల్స్ రక్షకుడు జెస్సీ బేట్స్ చేతికి తగిలి దారి మళ్లింది, అతని తోటివాడు వాన్ బెల్ చేతుల్లో వచ్చి పడింది. చేయి సమయానికి అడ్డం పెట్టడం నైపుణ్యం, అందుకు బేట్స్‌కు దండం పెడతాను. దారి తప్పిన ఆ కోలబంతి నేల మీద కాక, పక్క గీత అవతల కాక, తిన్నగా తోటివాడి చేతుల్లోనే ఎందుకు పడిందంటే మాత్రం ఏ కోచ్ దగ్గరా పాఠం లేదు. తమరి బంధువర్గం పెద్దది. నేల మీద దొర్లే బంతి తమరి పినతల్లి బిడ్డ, 2019 జనవరిలో షికాగో బేర్స్ కిక్‌ను నిలువు స్తంభానికీ అడ్డు కడ్డీకీ తగిలించి వెనక్కు పంపిన ఇనుము తమరికి మేనమామ.

నిష్పక్షపాతి అన్న బిరుదు కూడా తమరికి పూర్తిగా చెల్లదు. నాణెం ఏ ముఖం పైకి ఉండి ఎగిరిందో అదే ముఖంతో దిగే మొగ్గు కొంచెం ఉంటుందని గణితజ్ఞుడు పెర్సీ డయాకోనిస్, ఆయన సహచరులు 2007లోనే చెప్పారు. తర్వాత కొందరు ఓపికమంతులు తమ వంటివారిని 3,50,757 సార్లు ఎగరేసి, చేత్తో పట్టుకుని, సుమారు 50.8 శాతం మార్లు ఆ మాట నిజమని తేల్చారు. మైదానంలో తమరు నేల మీద పడి దొర్లుతారు కనుక ఆ మొగ్గు మాకు వర్తించదని తప్పించుకోవచ్చు. అయితే 2016 జనవరి 16 సంగతేమిటి? గ్రీన్ బే వారి ఏరన్ రాడ్జర్స్ ఆఖరి క్షణంలో 41 గజాల పాస్ ఆకాశంలోకి విసిరి ఆరిజోనాతో లెక్క సమం చేసి వస్తే, తమరు తిరగనైనా తిరగకుండా అప్పడంలా పైకి లేచి అలాగే కింద పడ్డారు. రెఫరీకే సిగ్గేసి మళ్లీ ఎగరేశారు. మళ్లీ బొమ్మే. మళ్లీ ఓడింది రాడ్జర్సే. అదనపు సమయం మొదటి ఎత్తులోనే లారీ ఫిట్జెరాల్డ్ 75 గజాలు పరిగెత్తి కాసేపటికే ఆట ముగించాడు. తిరగడం ఒక్కటే కదా నీ ఉద్యోగం? నాలుగు గంటలు ఒళ్లు హూనం చేసుకుని ఆడినవాళ్ల ముందు ఆ ఒక్క పనీ చేయలేకపోయావా? ఎముకలు విరిగినవాడు, కట్టు కట్టుకుని మళ్లీ వచ్చినవాడు, ఏడాదంతా తెల్లవారుజామున లేచి వీడియోలు చూసినవాడు, వీళ్లందరి గతినీ తేల్చే అధికారం ముక్కూ మొహం లేని ఒక లోహపు బిళ్లకు ఎవడిచ్చాడు?

క్షమించాలి. మీరు అనవలసినవారిని నువ్వు అన్నాను.

మా ఏడుపు పూర్తిగా వృథా కాలేదని కూడా చెప్పాలి. 2022 మార్చిలో 32 జట్ల యజమానులు కూర్చుని, 29-3 ఓట్లతో, ప్లేఆఫ్ అదనపు సమయంలో రెండు జట్లకూ ఒక్కసారైనా బంతి దక్కాలని తీర్మానించారు. తమరి కోరలు పీకారని సంబరపడ్డాం. ఆ నియమం మొదటిసారి అక్కరకు వచ్చింది 2024 ఫిబ్రవరి 11 నాటి సూపర్ బౌల్ అనే ఫైనల్‌లో. శాన్ ఫ్రాన్సిస్కో టాస్ గెలిచి, ముందు బంతి తీసుకుంది. రెండు వంతుల తర్వాతా సమమైతే మూడో వంతు తమకే వస్తుందని లెక్క వేసుకున్నామని వాళ్ల కోచ్ కైల్ షనహాన్ తర్వాత చెప్పాడు. వాళ్ల ఆటగాళ్లలో కొందరేమో, కొత్త నియమం సంగతే తమకు తెలియదన్నారు. ఫీల్డ్ గోల్‌తో మూడు పాయింట్లు తెచ్చారు. అవతలివాళ్లు ఎన్ని పాయింట్లు కావాలో తెలుసుకుని దిగి, టచ్‌డౌన్ చేసి 25-22తో కప్పు పట్టుకుపోయారు. ఆ అవతలివాళ్లు ఎవరని తమరు అడగనక్కర్లేదు. మళ్లీ ఆ చీఫ్సే. టాస్ గెలిచి మమ్మల్ని కొట్టారు, టాస్ ఓడి వీళ్లను కొట్టారు. ఆ పెద్దమనిషి ముఖం మీద చిరునవ్వు నాకు ఇక్కడినుంచే కనిపిస్తోంది. నవ్వనివ్వండి. టాస్ ఓడినా గెలవగల చేవ చీఫ్స్‌కు ఉందని అది చెబుతుంది, ఒప్పుకుంటాను. 2022లో ఆ చేవ మాకూ ఉందో లేదో మాత్రం ఎప్పటికీ తేలదు, ఎందుకంటే తేల్చుకునే వంతు మాకు రాలేదు. ఓడిపోవడం భరించగలను, పరీక్షే రాయకుండా తప్పినవాళ్ల జాబితాలో పేరుండడం భరించలేకపోతున్నాను.

తమరి బదులు వేరే ఉపాయం లేక కాదు. 2021లో బాల్టిమోర్ రేవెన్స్ ఒకటి ప్రతిపాదించారు. బంతిని ఎక్కడ పెట్టాలో ఒక జట్టు నిర్ణయిస్తుంది, అక్కడినుంచి దాడి చేయాలో కాపు కాయాలో రెండో జట్టు ఎంచుకుంటుంది. అత్యాశకు పోయి తమకు అనువైన చోట పెడితే అది ప్రత్యర్థికే దక్కుతుంది కనుక, ఇద్దరూ బుర్ర పెట్టి ఆలోచించక తప్పదు. ఇంతకన్నా న్యాయమైన పద్ధతి ఉండదని మురిసిపోతూ వివరాలు చదివాను. ఏ జట్టు చోటు నిర్ణయించాలి, ఏ జట్టు ఎంచుకోవాలి అన్నది తేల్చడానికి అందులోనూ ముందుగా టాస్ వేయాలట.

చిత్తగించవలెను.

ఇట్లు,
బొరుసు కోరుకున్నవాడి పక్షాన,
తమ విధేయుడు కానివాడు