జిరూకి జీరో

(పారిస్ శివారులో కొడుకు అద్దెకుంటున్న నాలుగో అంతస్తు ఫ్లాటు. 2018 జూలై 15, ఆదివారం సాయంత్రం ఐదు గంటలు. మాస్కోలో ఫ్రాన్స్, క్రొయేషియా ప్రపంచ కప్పు ఫైనల్ మొదలైంది. కొడుకూ కోడలూ ఐఫిల్ టవర్ దగ్గర పెట్టిన పెద్ద తెర ముందు చోటు దొరకాలని మధ్యాహ్నమే వెళ్లిపోయారు. సోఫాలో సుబ్బారావు, గూడ్సు బండి గార్డుగా చేసి రిటైరైన మనిషి. పక్కన రాజ్యలక్ష్మి, ఒళ్లో పాల లెక్కల డైరీ. ఇక్కడ పాలు సీసాలో వస్తాయి, లెక్క రాయవలసిన పనే లేదు. అయినా చేతికి అలవాటైపోయిందని కాకినాడ నుంచి డైరీ తెచ్చుకుంది. పాల పద్దు లేదు కాబట్టి గోల్స్ పద్దు రాస్తోంది.)

రాజ్యం: ఏమండీ, ఈ తొమ్మిదో నంబరు చొక్కా అబ్బాయి ఇవాళ కూడా దిగాడా?

సుబ్బారావు: దిగకేం? ఒలివియే జిరూ, ఫ్రాన్స్ తరఫున ముందుండే స్ట్రైకర్. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. అతను లేకుండా ఫైనలా?

రాజ్యం: టీవీలో ఆయన అలా అరుస్తుంటే స్కోరు చెబుతున్నాడనుకున్నాను. జీరో, జీరో అని.

సుబ్బారావు: జీరో కాదు, జిరూ.

రాజ్యం: నా డైరీలో రెండూ ఒకటే. వినండి. ఆస్ట్రేలియా మీద 20 నిమిషాలు. పెరూ, డెన్మార్క్, అర్జెంటీనా, ఉరుగ్వే మీద తొంభయ్యేసి. బెల్జియం మీద 85. వెరసి 465 నిమిషాలు. గోల్స్ సున్నా. పోనీ గోల్ కాసే గోలీ పట్టుకున్న బంతులైనా ఉన్నాయేమోనని అబ్బాయిని అడిగాను. గోల్‌కి సూటిగా వెళ్లిన బంతి ఒక్కటి కూడా లేదట! ఏడు ముప్పావు గంటలండీ. ఆ లోపు కాకినాడ నుంచి విశాఖ వెళ్లి, పెద్దక్క ఇంట్లో భోజనం చేసి తిరిగి వచ్చేయవచ్చు.

సుబ్బారావు: పాల లెక్కలాగా చూస్తే అలాగే ఉంటుంది. ఆట అలా చూడకూడదు. ఇటు చూడు. (లేచి, టీవీకి వీపు పెట్టి, దిండు గుండెకు హత్తుకుని నిలబడతాడు.) గోల్ ఇటు ఉంది. నేను జిరూని. వెనక ఇద్దరు డిఫెండర్లు నన్ను నెడుతున్నారు. పైనుంచి బంతి వచ్చింది, ఛాతీతో దించాను. పక్కనుంచి గ్రీజ్‌మన్ వచ్చాడు, అందించాను. ఆ ఇద్దరూ నన్ను పట్టుకుని వేలాడుతున్నారు కాబట్టి ఎంబాపేకి మైదానమంతా ఖాళీ!

రాజ్యం: మీరు అడ్డం తప్పుకోండి, టీవీ కనబడటం లేదు.

సుబ్బారావు: (కూర్చుంటూ) మొదటి మ్యాచ్‌లో ఏమైందో గుర్తుందా? అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. ముందు ముగ్గురూ గాలిపటాల్లాంటి వాళ్లు. ఉరకడమే తప్ప బంతి పట్టుకుని నిలబడే నాథుడు లేడు. పెనాల్టీ మీద ఒక గోల్ వచ్చింది, అదీ పోయి 1-1. డెబ్భయ్యో నిమిషంలో జిరూ దిగాడు. కాసేపటికే పోగ్బా అతనికి బంతి ఇచ్చి, తిరిగి పుచ్చుకుని, గోల్!

రాజ్యం: ఆ గోల్ ఆస్ట్రేలియా అబ్బాయి బెహిచ్ పేరు మీద రాశారు. సెల్ఫ్ గోల్. నా దగ్గర పద్దు ఉంది.

సుబ్బారావు: పెరూ మీద గోల్ సంగతో? కొట్టింది జిరూయే.

రాజ్యం: కొట్టాడు. అది పెరూ వాడి కాలికి తగిలి, పైకి లేచి, గోలీ నెత్తిమీదుగా పడుతుంటే ఎంబాపే తోశాడు. పంతొమ్మిదేళ్ల పిల్లాడు. పద్దు వాడి పేరు మీదే.

(పై అంతస్తులో మంచాలూ కుర్చీలూ ఒకేసారి పడినట్టు చప్పుడు. వీధిలో కారు హారన్లు.)

రాజ్యం: పడింది.

సుబ్బారావు: మన టీవీ ఇంకా వెనకే ఉంది. అబ్బాయి ఇంటర్నెట్టు మీద పెట్టాడు కదా, ఇరుగుపొరుగు కన్నా అర నిమిషం ఆలస్యం. చూస్తూ ఉండు, జిరూయే అయి ఉంటాడు.

(ఇద్దరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. గ్రీజ్‌మన్ ఫ్రీకిక్. క్రొయేషియా ఆటగాడు మాంజుకిచ్ తలకు తగిలి బంతి అతని సొంత గోల్‌లోకే పోతుంది.)

రాజ్యం: (రాసుకుంటూ) ఆస్ట్రేలియా వాడు ఒకటి, క్రొయేషియా వాడు ఒకటి. వెనక కాపలా కాసే పవార్, వరాన్, ఉమ్‌టిటి తలా ఒకటి. ఇక ఫ్రాన్స్‌కు గోల్ వేయకుండా మిగిలింది మీ జిరూ, నేనూ.

సుబ్బారావు: అతనికి వేయడం రాక కాదు. 2017 జనవరి 1న, ఆర్సెనల్ తరఫున క్రిస్టల్ ప్యాలెస్ మీద వేశాడే! బంతి తన వెనక్కి పడుతోంది. ముందుకు వాలిపోయి, కాలు వెనకనుంచి తేలు కొండి లేపినట్టు లేపి, మడమతో కొట్టాడు. బంతి అడ్డకర్రకు తగిలి లోపల పడింది. ఏడాదిలో అన్నిటికన్నా అందమైన గోల్‌కి ఇచ్చే పుష్కాష్ అవార్డు ఆ ఏడు దానికే.

రాజ్యం: నేననేదీ అదే. ఎవరికీ రానివి వేస్తాడు, అందరికీ వచ్చేవి ఆకాశంలోకి పంపిస్తాడు. మీరూ అంతే. మా చెల్లెలి పెళ్లిలో వంటవాడు రాకపోతే వందమందికి పులిహోర కలిపారు. ముప్ఫై ఏళ్లుగా చెప్పుకుంటున్నారు. ఇంట్లో ఒక్క కప్పు కాఫీ కలిపిన పాపాన పోలేదు.

సుబ్బారావు: ఇందులోకి కాఫీ ఎందుకొచ్చింది?

రాజ్యం: ఆ నడక చూడండి. ఎంబాపే మెయిలు బండి, ఇతను గూడ్సు.

సుబ్బారావు: గూడ్సుని ఏమీ అనకు రాజ్యం! చెబుతున్నాను. ముప్ఫై నాలుగేళ్లు చివరి పెట్టెలో కూర్చున్నాను. ఇంజను నడిపింది నేను కాదు, నిజమే. నేను పచ్చజెండా ఊపకపోతే ఒక్క చక్రం కదిలేదా?

రాజ్యం: మీరు వెనక ఉండి ఊపారు. ఇతను ముందుండి ఊపుతున్నాడు. ముందుండేవాడి పని బండి లాగడం.

సుబ్బారావు: 1998లో ఏమైంది? ఇదే ఫ్రాన్స్, స్ట్రైకర్ పేరు గివార్ష్. టోర్నీ మొత్తం మీద ఒక్క గోల్ లేదు. ఫైనల్లో బ్రెజిల్‌ను 3-0తో కొట్టి కప్పు ఎత్తారు. అప్పటి కెప్టెన్ దెషామే ఇప్పుడు కోచ్. ఆయనకు తెలియదా?

రాజ్యం: అంటే గోల్ వేయని మనిషిని ముందు నిలబెట్టడం ఇక్కడి ఆచారమన్నమాట. మనం గుమ్మానికి మామిడాకులు కట్టుకున్నట్టు.

(టీవీలో పెరిసిచ్ ఎడమకాలితో బలంగా కొడతాడు. 1-1. పై అంతస్తు అర నిమిషం కిందటే మూగబోయింది, వీళ్లే గమనించలేదు.)

రాజ్యం: అయ్యో! ఓడిపోతారా ఏమిటండీ? పాపం, మన బేకరీ ఆవిడ మొహం ఎలా చూడను?

సుబ్బారావు: డెన్మార్క్ మ్యాచ్ నాటి జట్టయితే నేనూ భయపడేవాణ్ని. 0-0 గీసుకుని కూర్చున్నారు, జనం ఈలలు వేశారు. రెండేళ్ల కిందట సొంత గడ్డమీద యూరో ఫైనల్ పోర్చుగల్‌కి అప్పగించిన వాళ్లు కదా, ఆ దడ ఉంటుంది. అర్జెంటీనా మీద వదిలింది ఆ దడ. 2-1తో వెనకబడ్డారు. పవార్ పక్కనుంచి బంతిని కోసినట్టు కొట్టాడు చూడు, 57వ నిమిషంలో, అక్కణ్నించి పదకొండు నిమిషాల్లో మూడు గోల్స్. ఆ తరువాత ఉరుగ్వే మీద, బెల్జియం మీద ఒక్క గోలయినా ఇచ్చారా? ఇప్పుడు గోల్ తిన్నా పరుగులు పెట్టడం లేదు. నడిచి వెళ్లి మధ్యలో బంతి పెట్టుకుంటున్నారు, చూడు.

రాజ్యం: అవునండీ. ఈ వీధీ అంతే. మనం వచ్చిన కొత్తలో బాల్కనీల్లో బట్టలే ఆరేవి. అర్జెంటీనా మ్యాచ్ తెల్లవారి మూడు జెండాలు కనబడ్డాయి. నిన్న లెక్కపెట్టబోతే జెండాల వెనక బట్టలు కనబడలేదు. బేకరీ ఆవిడ నేను వేలు చూపిస్తే రొట్టె ఇచ్చి ఊరుకునేది. నిన్న ఏదో పెద్ద ప్రసంగం చేసి, రొట్టెతో పాటు ఒక బన్ను ఊరికే ఇచ్చింది.

సుబ్బారావు: ఏమంది?

రాజ్యం: నాకేం తెలుసు? మధ్యలో ఎంబాపే అని వినబడింది. నేనూ ఎంబాపే అన్నాను. జిరూ అని ఉంటే బన్ను ఇచ్చేదా?

(గ్రీజ్‌మన్ పెనాల్టీతో 2-1. విరామం. విరామంలో సుబ్బారావుకు పెరుగన్నంలో ఆవకాయ కావాలని బుద్ధి పుడుతుంది. ఆవకాయ జాడీ వంటింటి అలమారు పైన, గోడ మూలన ఉంది. వాసన మీద కోడలికి ఉన్న అభిప్రాయం ప్రకారం అంతకంటే దూరం ఆ ఇంట్లో లేదు. ఉన్నది ఒకటే స్టూలు. దాని ఒక కాలు పొట్టి.)

రాజ్యం: మీరు ఎక్కండి.

సుబ్బారావు: నాకు మోకాలు. నువ్వెక్కు, నేను పట్టుకుంటాను. అసలు పని పట్టుకోవడంలోనే ఉంది.

(రాజ్యం ఎక్కుతుంది. ముందు గోధుమపిండి డబ్బా జరపాలి, దాని వెనక కోడలి కేకు గిన్నెలు, వాటి వెనక జాడీ. ఒక్కొక్కటీ దించి, దుమ్ము గురించి ఒక మాట అని, మళ్లీ సర్దుతుంది. టీవీలో రెండో సగం మొదలై చాలాసేపయింది. సుబ్బారావు రెండు చేతులు స్టూలు మీద, మెడ హాలు వైపు. చివరికి జాడీ రాజ్యం చంకలోకి వస్తుంది. సరిగ్గా అప్పుడు పై అంతస్తు దద్దరిల్లుతుంది.)

సుబ్బారావు: పడింది!

రాజ్యం: ఇంకా అర నిమిషం ఉంది కదండీ, నన్ను దింపి వెళ్లండి! ఏమండీ! ఇది ఊగుతోంది! ఏమండీ!

(సుబ్బారావు హాల్లో ఉన్నాడు. స్టూలు పొట్టికాలి వైపు ఒరిగింది. రాజ్యం ఒక చేత్తో జాడీ, ఇంకో చేత్తో అలమారు తలుపు పట్టుకుని నిలబడిపోతుంది. అంత ఎత్తునుంచి టీవీ చక్కగా కనబడుతోంది. పోగ్బా కుడికాలితో కొట్టాడు, ఎవరికో తగిలి తిరిగివచ్చింది. ఎడమకాలితో కొట్టాడు.)

సుబ్బారావు: గోల్! చూశావా రాజ్యం! 3-1!

రాజ్యం: చూశాను. ఇక్కడ వేలాడుతూ చూశాను.

సుబ్బారావు: (పరుగున వచ్చి పట్టుకుంటూ) ఇప్పటికైనా తెలిసిందా? పట్టుకునేవాడు లేకపోతే పైనున్నవాడి గతి ఏమిటో?

రాజ్యం: (దిగి, జాడీ కింద పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని) పట్టుకునేవాడు పారిపోతే అని చెప్పండి. జిరూ ఎప్పుడైనా మధ్యలో వదిలేసి గోల్ చూడటానికి వెళ్లాడా? ఇద్దరు మనుషులు వెనకనుంచి మోకాళ్లతో పొడుస్తుంటే కూడా ఆ అబ్బాయి అక్కడే నిలబడతాడు. కార్నర్ వస్తే వెనక్కి పరుగెత్తుకొచ్చి తన గోల్ ముందు తలతో కాస్తాడు. అర్జెంటీనా మీద ఎంబాపే వేసిన రెండో గోల్‌కి బంతి అందించింది ఎవరు? ఎంబాపేనా? మీరా?

సుబ్బారావు: ఇంతసేపూ నేను చెబుతున్నది అదే కదా!

రాజ్యం: మీరు అతన్ని అడ్డం పెట్టుకుని మీ సంగతి చెబుతున్నారు. నేను అతని సంగతి చెబుతున్నాను.

(పెరుగన్నం, ఆవకాయ. 65వ నిమిషంలో ఎంబాపే దూరం నుంచి కొట్టాడు, 4-1.)

రాజ్యం: ఈ ఎంబాపే వాళ్లది ఇక్కడికి దగ్గరేనట కదా, ఆ బూందీ ఊరు?

సుబ్బారావు: బోందీ.

రాజ్యం: అదే. వచ్చే ఆదివారం వెళ్దాం.

(నాలుగు నిమిషాలకే ఫ్రాన్స్ గోలీ లోరిస్ బంతి దగ్గర పెట్టుకుని విలాసం చేయబోతాడు. మాంజుకిచ్ కాలు అడ్డుపెట్టి లోపలికి తోస్తాడు. 4-2.)

రాజ్యం: ఇతనికి ఏ పేజీలో రాయను? ఒకే ఆటలో రెండు జట్లకూ వేశాడు!

(81వ నిమిషం. తొమ్మిదో నంబరు బోర్డు మీద వెలుగుతుంది. జిరూ మెల్లగా నడుచుకుంటూ బయటికి వస్తాడు. ఫెకిర్ లోపలికి.)

రాజ్యం: అయ్యో, మార్చేస్తున్నారేమిటండీ? ఇంకో తొమ్మిది నిమిషాలు ఉంచితే ఏం పోయింది? ఒక్కటి వేసుకునేవాడేమో!

సుబ్బారావు: అలసిపోయాడు. మార్చాలి.

రాజ్యం: కోచ్‌కి ఉన్న వెసులుబాటు అది. నాకు లేదు.

(ఆట ముగిసింది. 4-2. వీధి వీధంతా అరుస్తోంది. మాస్కోలో వాన మొదలై, కప్పు పుచ్చుకునేవాళ్లూ ఇచ్చేవాళ్లూ తడిసి ముద్దవుతున్నారు. సుబ్బారావు చెయ్యి కడుక్కుని వచ్చేసరికి రాజ్యం డైరీ మూసి పెట్టింది. ఆమె బాల్కనీలోకి వెళ్లగానే తెరిచి చూస్తాడు. "జిరూ: 546 ని. గోల్స్ 0. అందించినవి 1. నిలబడినది: మొత్తం" అని ఉంది. దాని కింద, పాల పద్దు గళ్లలో, ఇంకో వరుస.)

సుబ్బారావు: (బాల్కనీ వైపు) రాజ్యం! "సుబ్బారావు: స్టూలు, సగం" అని రాశావేమిటి? సగమేమిటి? దింపేటప్పుడు కూడా పట్టుకున్నాను కదా!

రాజ్యం: (బయటినుంచి) అందుకే సగం వేశాను. లేకపోతే సున్నాయే. జాడీ మళ్లీ పైన పెట్టాలి, రండి.